కదిలేది గుంపు, కదలనిది ఎడం

ఇల్లు మారిన ప్రతి కుటుంబానికీ ఒక సంగతి అనుభవంలో వుంటుంది. సామానంతా చేరుతుంది, ఇల్లు మాత్రం వెంటనే చేరదు. పాత ఇంట్లో చీకట్లో సైతం చేయి చాస్తే అందిన అగ్గిపెట్టె కొత్త ఇంట్లో పట్టపగలు వెతికినా దొరకదు. అగ్గిపెట్టె పోలేదు, పొయ్యి పోలేదు. పోయినదల్లా పొయ్యికీ అగ్గిపెట్టెకూ మధ్య వున్న జానెడు ఎడం. వస్తువులను మోయడానికి బండి చాలు. వాటి మధ్య వున్న సంబంధాన్ని మోయడానికి జ్ఞాపకం కావాలి.

కంప్యూటరు ఆటలు రాసేవారికి ఈ చిన్న సంగతి నిత్యమూ ఎదురయ్యే పెద్ద సమస్య. ఆటలో ఒక పడవ ఏటికి అడ్డంగా సాగిపోతున్నదనుకోండి. పడవలో సరంగు వున్నాడు, రెండు తెడ్లు వున్నాయి, కొయ్యకు వేలాడే లాంతరు వున్నది, ఒక మూలగా రెండు బుట్టలు వున్నాయి. చూసే పిల్లవాడికి అదంతా ఒక్క పడవ. యంత్రానికి మాత్రం అవి ఏడు వేర్వేరు వస్తువులు; ఏడింటికీ ఏడు చిరునామాలు. పడవను కదిలించమని మాత్రమే ఆదేశిస్తే పడవ ఒక్కటే వెళ్ళిపోతుంది. సరంగు నీటిమీద నిలబడి వుంటాడు. లాంతరు శూన్యంలో వెలుగుతూ వుంటుంది. ఆటలు రాయడం కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది ఏదో ఒకనాడు ఈ వింతను చూసి నవ్వుకున్నవారే.

ఆటలో ఏది ఎప్పుడు ఎటు కదలాలో చెప్పే ఆదేశాల వరుసను స్క్రిప్టు అంటారు. నాటకానికి వ్రాతప్రతి ఎటువంటిదో ఆటకు స్క్రిప్టు అటువంటిది. అయితే ఒక తేడా వున్నది. నాటకంలో రాజు నడుస్తుంటే భటులు వెంట నడవాలని ఎవరూ రాయనక్కరలేదు. నటులకు ఆపాటి లోకజ్ఞానం వుంటుంది. యంత్రానికి లోకజ్ఞానం లేదు. ఎవరు ఎవరి వెంట వెళ్ళాలో, ఎంత ఎడంగా వెళ్ళాలో చెప్పితీరాలి. చెప్పనిది జరగదు.

చిరునామా చెప్పే రెండు తీర్లు

ఒక వస్తువు ఎక్కడున్నదో చెప్పడానికి రెండు తీర్లున్నాయి. మొదటిది, లోకమంతటికీ ఒకే మూలబిందువును పెట్టుకొని అక్కడినుంచి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని అంకెల్లో చెప్పడం. అక్షాంశ రేఖాంశాల పద్ధతి ఇదే. రెండవది, దగ్గరలో వున్న మరొక వస్తువును ఆధారం చేసుకొని, దానినుంచి ఇంత ఎడంలో వున్నదని చెప్పడం. పల్లెలో దారి అడిగితే అక్షాంశాలు ఎవరూ చెప్పరు. రావిచెట్టు దాటాక ఎడమచేతి సందులో మూడో ఇల్లు అంటారు.

తెలుగువారి చుట్టరికాలన్నీ ఈ రెండో పద్ధతిలో నడిచేవే. మేనమామ అన్న మాటకు విడిగా అర్థం లేదు. అమ్మను ఆధారం చేసుకుంటేనే ఆ మాట నిలుస్తుంది. తోడికోడలు, షడ్డకుడు, వేలువిడిచిన మేనమామ — ఇవన్నీ ఒక మనిషినుంచి మరొక మనిషికి వున్న ఎడాన్ని కొలిచే మాటలు. కుటుంబమంతా ఒక ఊరినుంచి మరో ఊరికి తరలినా ఈ కొలతలు మారవు. చిరునామా మారుతుంది, చుట్టరికం మారదు.

ఆటల స్క్రిప్టులో గుంపులను కదిలించే కిటుకంతా ఇక్కడే వున్నది. ఒక గదిలో బల్ల వున్నది, దానిమీద దీపం వున్నది. బల్ల స్థానం అడ్డంగా 100, నిలువుగా 40. దీపం స్థానం అడ్డంగా 103, నిలువుగా 45. అంటే బల్లనుంచి దీపానికి ఎడం అడ్డంగా 3, నిలువుగా 5. ఈ రెండు చిన్న అంకెలను ముందుగా రాసిపెట్టుకుంటే చాలు. బల్లను 200, 10 అనే చోటికి మార్చినప్పుడు దీపం ఎక్కడుండాలో వెతకనక్కరలేదు. ఎడాన్ని కలిపితే 203, 15 వస్తుంది. దీపంతోపాటు పుస్తకం, గ్లాసు, కళ్ళజోడు ఎన్ని వున్నా లెక్క ఇదే. కొత్తగా నిర్ణయించవలసినది ఒక్క బల్ల స్థానమే. మిగిలినవన్నీ దాని వెంట వస్తాయి.

బల్లను తిప్పితే మాత్రం లెక్క కొంచెం మారుతుంది. బల్ల అపసవ్యంగా పావు చుట్టు తిరిగినప్పుడు దీపం ఎడం కూడా దానితోపాటు తిరగాలి: అడ్డం 3, నిలువు 5 అన్నది అడ్డం మైనస్ 5, నిలువు 3 అవుతుంది. అప్పుడు దీపం చేరవలసినది 203, 15 కాదు, 195, 13. ఈ సంగతి మరిచి పాత ఎడాన్నే కలిపితే బల్ల తిరుగుతుంది, దీపం అంచుదాటి గాలిలో నిలుస్తుంది. పెద్దది దిక్కు మార్చుకున్నప్పుడు దాన్ని నమ్ముకున్నవాటి దిక్కు కూడా మారుతుందన్నమాట.

యాభై అయిదు రాక్షసుల దండు

గీతల మధ్య సంబంధాలను యంత్రం జ్ఞాపకం పెట్టుకోగలదని మొదట గొప్పగా నిరూపించినవారిలో అమెరికాకు చెందిన ఐవన్ సదర్లాండ్ ఒకరు. 1963లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు ఆయన సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ అనే కార్యక్రమంలో తెరమీద కాంతికలంతో గీతలు గీయవచ్చు. అంతవరకైతే అది మరో రకం పలక. విశేషమేమంటే, ఈ గీత ఆ గీతకు సమాంతరం, ఈ రెండూ సమానం, ఇవి ఈ బిందువు దగ్గర కలుస్తాయి అని చెబితే యంత్రం ఆ మాట నిలబెట్టుకునేది. ఒక బిందువును లాగితే దాన్ని ఆశ్రయించిన గీతలన్నీ సర్దుకునేవి. ఒక మూలచిత్రం గీసి దానికి ఎన్ని ప్రతులనైనా చేసుకోవచ్చు. మూలాన్ని దిద్దితే ప్రతులన్నీ తామే దిద్దుకునేవి.

పదిహేనేళ్ళ తర్వాత ఈ రకం ఆలోచన వీధి ఆటలోకి వచ్చింది. 1978లో జపానులో టైటో సంస్థకోసం తొమొహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటలో అయిదు వరుసలుగా, వరుసకు పదకొండు చొప్పున యాభై అయిదు వింతజీవులు దండుకట్టి కిందికి దిగి వస్తుంటాయి. అడుగున ఆటగాడి ఫిరంగి. దండు ఒక అంచునుంచి మరో అంచుకు నడుస్తుంది. అంచు తగలగానే ఒక మెట్టు దిగి వెనక్కి మళ్ళుతుంది.

ఆనాటి యంత్రానికి యాభై అయిదు జీవులను ఒక్క క్షణంలో కదిలించే సత్తా లేదు. అందులో వున్నది సెకనుకు ఇరవై లక్షల స్పందనలతో పనిచేసే ఇంటెల్ 8080 అనే చిన్న మెదడు. అందుచేత ఆ కార్యక్రమం రెండు పొదుపులు పాటించింది. మొదటిది, యాభై అయిదు స్థానాలను విడివిడిగా దాచుకోలేదు. దండులో అడుగు వరుస ఎడమ కొసన వుండే జీవి స్థానాన్ని మాత్రం ఆధారంగా వుంచుకున్నది. తక్కినవాటిలో ప్రతిదీ దానినుంచి ఎన్నో వరుస, ఎన్నో గడి అన్న లెక్కతో, గడికి పదహారు చుక్కల చొప్పున దొరుకుతుంది. రెండవది, తెరమీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంటే, ఒక్కొక్కసారికి ఒక్కొక్క జీవిని మాత్రమే కదిలించింది. యాభై అయిదూ బతికి వున్నప్పుడు దండంతా ఒక అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను పడుతుంది.

దీని ఫలితం ఆటగాళ్ళందరికీ తెలిసినదే. జీవులు చచ్చేకొద్దీ మిగిలినవాటి వంతు త్వరగా వస్తుంది. దండు వేగం పెరుగుతుంది. చివరికి మిగిలిన ఒక్క జీవి వెర్రెత్తినట్టు పరుగెడుతుంది. ఇది నిషికాడో పథకం వేసి పెట్టినది కాదు. యంత్రం బరువు తగ్గి తేలికపడినందువల్ల దానంతట అది వచ్చినది. ఆయన దాన్ని సరిదిద్దబోక అలాగే వుంచేశాడు. ఆటకు పట్టు తెచ్చినది అదే.

ఇందులో మరొక సూక్ష్మం వున్నది. ఆధారంగా పెట్టుకున్న ఎడమ కొస జీవిని ఆటగాడు పేల్చివేసినా దండు చెదరదు. జీవి పోయినా దాని స్థానం లెక్కలో వుంటుంది. ఖాళీ అయిన ఆ చోటినుంచే తక్కినవాటి ఎడాలను యంత్రం కొలుస్తూ పోతుంది. ఉమ్మడి కుటుంబాల్లో పెద్దాయన గతించి ఎన్నేళ్ళయినా వరసలన్నీ ఆయననుంచే లెక్కకు వస్తాయి. మనిషి లేకపోవడం వేరు, మనిషి వున్న చోటు లేకపోవడం వేరు.

నెమ్మదిగా విడిపోయే ఇళ్ళు

ఇప్పటి ఆటల్లో గుంపులు దండులా సరళంగా వుండవు. 2006లో వెలువడిన రోబ్లాక్స్ అనే ఆటల వేదికలో పిల్లలే తమ లోకాలను కట్టుకుంటారు: ఇళ్ళు, కార్లు, వంతెనలు, రాకెట్లు. అక్కడి స్క్రిప్టులకు వాడే భాష లువా అనే భాషనుంచి వచ్చినది. లువా 1993లో బ్రెజిల్ దేశపు రియో డి జనీరోలోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది; పోర్చుగీసులో ఆ మాటకు చంద్రుడని అర్థం. రోబ్లాక్స్‌లో కొన్ని ముక్కలను కలిపి ఒక నమూనాగా కట్టవచ్చు. వాటిలో ఒకదాన్ని ప్రధాన భాగంగా నియమించవచ్చు. ప్రధాన భాగానికి కొత్త చోటు చూపిస్తే తక్కిన ముక్కలు తమ తమ ఎడాలతో వెంట రావాలి.

ఈ పనికి మొదట వున్న ఆదేశంలో ఒక చిక్కు వుండేది. నమూనాను ఒకటి రెండుసార్లు కదిలిస్తే బాగానే వుండేది. తలుపు తెరుచుకోవడంలా, లిఫ్టు ఎక్కిదిగడంలా పదేపదే కదిలిస్తే మాత్రం ముక్కలు వెంట్రుకవాసి చొప్పున ఒకదానినుంచి ఒకటి జరిగిపోయేవి. వెయ్యిసార్లు, పదివేలసార్లు కదిలిన తర్వాత అతుకుల మధ్య సందులు కనిపించేవి. ఎవరూ ఏమీ చేయకుండానే ఇల్లు విచ్చిపోతూ వుండేది.

కారణం యంత్రం అంకెలను దాచుకునే తీరులో వున్నది. పదింట ఒక వంతు అన్నది మనుషుల లెక్కలో సుళువైన సంఖ్య. రెండే అంకెలతో లెక్కించే యంత్రానికి అది ఎన్నటికీ తెగని భిన్నం. ఒకటిని మూడుతో భాగిస్తే దశాంశాల్లో 0.333 అంటూ అంతులేకుండా సాగినట్టే. యంత్రం ఎక్కడో ఒకచోట దాన్ని తుంచి దాచుకుంటుంది. తుంచిన మేరకు తప్పు. ఆ తప్పు అణుమాత్రం. కాని ప్రతి అడుగులోనూ, ముందటి అడుగు ముగిసిన చోటినుంచే ఎడాన్ని మళ్ళీ కొలిస్తే, నిన్నటి తప్పుమీద నేటి తప్పు చేరుతుంది. సెకనుకు అరవైసార్లు కదిలే వస్తువు గంటలో 2,16,000 సార్లు కదులుతుంది. ఒక్కొక్కసారికి పది లక్షలలో ఒక వంతు తప్పు చొప్పున, తప్పులన్నీ ఒకేవైపు పోగుపడితే, గంట ముగిసేసరికి అది అయిదో వంతుకు పైగా అవుతుంది. కంటికి ఆనని తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తర్వాత వచ్చిన పివట్‌టు అనే ఆదేశం దీనికి విరుగుడు. అది ముక్కల ఎడాలను ఒకసారి కొలిచి దాచుకుంటుంది. ఆ నమూనాను ఆ ఆదేశంతో ఎన్నిసార్లు కదిలించినా కొలతకు ఆ దాచుకున్న ఎడాల దగ్గరికే వెళుతుంది. ఇప్పుడెక్కడున్నావని ముక్కను అడగదు. మొదట ఎక్కడుండేదో తానే జ్ఞాపకం పెట్టుకుంటుంది. అందువల్ల ఈ అడుగులో జరిగిన తప్పు మరో అడుగుకు వారసత్వంగా రాదు.

అనువాదం చేసేవారికి ఇది తెలిసిన సత్యమే. వాక్యాన్ని ఒక భాషనుంచి మరో భాషకు తెచ్చినప్పుడు ప్రతి పదమూ చోటు మారుతుంది. ఇంగ్లీషులో నడుమనుండే క్రియ తెలుగులో చివరికి పోతుంది. పదాల చిరునామాలన్నీ మారినా ఎవరు ఎవరిని ఏమన్నారన్న సంబంధం చెదరకపోతే వాక్యం బతుకుతుంది. అనువాదానికి అనువాదం, దానికి మరో అనువాదం చేస్తూ పోతే మాత్రం ప్రతి మజిలీలోనూ వెంట్రుకవాసి జరుగుతుంది. మంచి అనువాదకుడు తన ముందటి ప్రతిని దిద్దుకునేటప్పుడు సైతం మూలాన్ని పక్కన తెరిచి వుంచుకుంటాడు.

దూరమైతే చూపు మసక

అంకెల చిక్కు మరో రూపంలో కూడా వస్తుంది. ఆటల్లో స్థానాలను దాచడానికి సాధారణంగా వాడే పద్ధతిలో ఒక సంఖ్యకు ఇరవైనాలుగు ద్వియాంశ స్థానాల నిక్కచ్చితనం మాత్రమే వుంటుంది. అంటే సుమారు ఏడు దశాంశ అంకెలు. మూలబిందువుకు దగ్గరగా వున్నంతసేపూ ఆ ఏడంకెలు వెంట్రుకను కూడా కొలవగలవు. దూరం పెరిగినకొద్దీ కొలత మోటుబారుతుంది. 1,67,77,216 అనే సంఖ్యకు ఒకటి కలిపితే ఆ పద్ధతిలో మళ్ళీ 1,67,77,216 అనే జవాబే వస్తుంది. మీటరును ప్రమాణంగా పెట్టుకుంటే, సుమారు 16,777 కిలోమీటర్ల దగ్గర ఒక్క మీటరు ముందుకు అడుగు వేసినా యంత్రం దాన్ని గుర్తించదు.

2011లో మొదటిసారి విడుదలైన కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే ఆటలో ఆటగాళ్ళు రాకెట్లు కట్టి గ్రహాంతరాలకు పంపుతారు. తొలిరోజుల్లో, దూరాకాశానికి చేరిన రాకెట్లు కారణం లేకుండా వణికి ముక్కలయ్యేవి. ఆటగాళ్ళు ఆ కనిపించని శత్రువుకు ఉత్తరదేశపు నావికుల కథల్లోని సముద్రభూతం పేరు పెట్టి క్రాకెన్ అన్నారు. భూతం మరేదో కాదు. మూలబిందువుకు మరీ దూరమై, రాకెట్టు ముక్కల మధ్య ఎడాలు మసకబారడమే. పరిష్కారం విచిత్రమైనది. రాకెట్టును మూలబిందువు దగ్గరే వుంచి, విశ్వాన్ని దాని చుట్టూ జరిపించారు. ప్రయాణికుడు కదలడు, లోకం వెనక్కి పోతుంది. ముక్కలకు తమ మధ్య ఎడం స్పష్టంగా తెలుస్తున్నంతకాలం లోకం ఎటు జరిగినా రాకెట్టుకు హాని లేదు.

ముందు కొలత, తర్వాత కదలిక

స్క్రిప్టు రాసేవారు గుంపులను కదిలించేటప్పుడు చేసే తప్పుల్లో మిక్కిలి సాధారణమైనది చాలా చిన్నది. ఆధార వస్తువును ముందు కదిలించి, ఆ తర్వాత తక్కినవాటి ఎడాలను కొలవడం. బల్ల అప్పటికే కొత్త చోటికి పోయింది. దీపం పాత చోటనే వున్నది. ఇప్పుడు కొలిస్తే వచ్చే అంకె దీపానికీ బల్లకూ వున్న సంబంధం కాదు, వాటి ఎడబాటు. ఒకసారి బల్ల కదిలిపోయాక, పాత చోటు ఎక్కడా రాసిపెట్టకపోతే, సరైన అంకెను ఎవరూ తిరిగి తేలేరు. అందుకే నియమం: ముందు అన్ని ఎడాలనూ రాసుకో, తర్వాతే దేన్నయినా కదిలించు.

ఇటువంటి నియమాన్ని రాళ్ళ విషయంలో తెలుగునేల ఎన్నడో పాటించింది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం వుండేది. ఆ సమీపంలోనే పాపనాశి దేవాలయాల సముదాయం వుండేది. శ్రీశైలం జలాశయం నిండితే అవి మునుగుతాయి. అందుచేత వాటిని విప్పి, నేటి తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన అలంపురం చెంతకు తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఇటువంటి పనిలో ఏ రాయి ఏ రాతిపక్కన, ఏ వరుసలో, ఏ ముఖంగా వుండాలో కదిలించకముందే గుర్తులు వేసి నక్షాలు గీస్తారు. రాయి ఎక్కడికి పోయినా పక్కరాయిని పోగొట్టుకోదు. ఈనాడు అలంపురం వెళ్ళిన యాత్రికుడు చూసే సంగమేశ్వరాలయం ఆ జాగ్రత్తకు సాక్షి.

ఆ జలాశయంకోసం రాళ్ళతోపాటు మనుషులు కూడా కదిలారు. ఆనాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు మునకకు లోనయ్యాయి. లక్షమందికి పైగా జనం నిర్వాసితులయ్యారు. 1981లో ఎందరో తమ ఇళ్ళు కళ్ళముందే కూలుతుండగా ఊరు విడిచారు. వారికి దక్కిన పరిహారం ప్రధానంగా నగదు. ఇంటికి ఇంత, ఎకరాకు ఇంత. అంటే ప్రతి వస్తువుకూ విడివిడిగా విలువ కట్టారు. మంగలి ఇంటికీ కమ్మరి కొలిమికీ మధ్య ఎడం ఎంత, పురిటికి పిలిస్తే పరుగున వచ్చే ముసలమ్మ ఏ గడపకు ఎదురుగా వుండేది, పంట చేతికి రాకముందు అప్పు పుట్టే ఇల్లు ఏది — వీటిని ఏ నక్షాలోనూ ఎక్కించలేదు. కొందరు గట్టుమీదికి జరిగారు, కొందరు పట్నాల దారి పట్టారు. బల్లను కదిలించి, దీపాలను ఎక్కడివక్కడ వదిలేసినట్టయింది.

యంత్రం ముందు కూర్చున్న స్క్రిప్టు రచయితకూ, ప్రాజెక్టు నక్షా ముందు కూర్చున్న ఇంజనీరుకూ మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ గుంపులో ఎవరెవరున్నారు? లెక్క తర్వాతి సంగతి. గుంపులో చేర్చిన వస్తువును ఎంత దూరమైనా చెదరకుండా చేర్చవచ్చు. చేర్చనిదాన్ని ఏ లెక్కా కాపాడదు. రాళ్ళను గుంపుగా చూశారు, కాబట్టి అవి గుంపుగా చేరాయి. మనుషులను చాలావరకు విడి విడి ఖాతాలుగా చూశారు, కాబట్టి వాళ్ళు విడి విడిగా చేరారు. ఇందులో యంత్రం లోపం లేదు, గణితం లోపం లేదు. ఆదేశం రాసినవారి చూపు ఎంతవరకు పోయిందో గుంపు అంతవరకే వుంటుంది.

చట్టాలు కూడా నెమ్మదిగా ఈ పాఠం నేర్చుకున్నాయి. 2013లో పార్లమెంటు చేసి, 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టం, నిర్వాసితులైన గిరిజన కుటుంబాలకు వీలైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతంలో, ఒకేచోట కలిసివుండేలా పునరావాసం కల్పించాలన్నది. వారి భాష, సంస్కృతి నిలవడానికే ఆ ఏర్పాటని చెప్పింది. స్క్రిప్టు భాషలో చెబితే, గుంపును విప్పకుండా కదిలించమని. చట్టంలో వున్నదంతా నేలమీదికి దిగుతుందా అన్నది వేరే ప్రశ్న. గుంపు అనేది ఒకటున్నదని ఒప్పుకోవడమే మొదటి మెట్టు.

రాళ్ళ విషయంలో సైతం లెక్క పూర్తిగా కుదరలేదని చెప్పాలి. సంగమేశ్వరుడంటే నదులు కలిసే చోట వుండే దేవుడు. గోడకూ గోడకూ, స్తంభానికీ స్తంభానికీ మధ్య వున్న ఎడాలను అలంపురం చేర్చారు. గుడికీ సంగమానికీ మధ్య వున్న ఎడాన్ని ఎవరు చేర్చగలరు? నదులను గుంపులో చేర్చడం ఎవరి తరమూ కాదు. ఆ ఎడం ఒక్క చోట మాత్రం మిగిలింది. అలంపురం వచ్చిన భక్తులు ఈనాటికీ ఆయనను సంగమేశ్వరుడనే పిలుస్తున్నారు. కదిలించకముందు రాసుకున్న కొలత ఆ పేరులో వున్నది. మునిగిన ఊళ్ళవారి పిల్లలు సైతం, తాము ఎన్నడూ చూడని ఊరి పేరును తమ ఊరిగా చెప్పుకున్నంతకాలం, వారి కొలత కూడా చెరగదు.